నవలలోని రాణి, శాసనములోని మహారాజు

అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' చదివిన పదిమందిని ఒకచోట గూర్చుండబెట్టి అభిప్రాయ మడిగినచో పది విధములైన సమాధానములు వచ్చును. ఒకరికి అది తెలుగువారి శౌర్యగాథ. ఒకరికి మనోహరమైన ప్రేమకథ. ఒకరికి చరిత్రను తారుమారు చేసిన పుస్తకము. మఱియొకరికి వర్ణనల బరువుచే ముందునకు సాగని గ్రంథము. రచయిత 1952లో గతించినారు. నాటినుండి ఏడు దశాబ్దములు దాటినను ఈ వాదము సమసిపోలేదు. 2015లో గుణశేఖర్ 'రుద్రమదేవి' చలనచిత్రము వెలువడిన పిమ్మట అది మఱింత పెరిగినది. నవలను చేతితో ముట్టని విద్యార్థులు కూడ ఇప్పుడు గన్నారెడ్డిని గూర్చి ధీమాగా మాట్లాడుచున్నారు.

వాదము పెరుగుట మంచిదే. పుస్తకమును చదివి ఏ అభిప్రాయమును లేక ఊరకుండుటకంటె చదివి తగవులాడుట మేలు. కాని ఆ తగవు ఏ విషయమును గూర్చియో మొదట తేల్చుకొనవలెను. 'ఇది నిజమా, అబద్ధమా?' యని అడిగినంత మాత్రమున చారిత్రక నవలను గూర్చిన ప్రశ్న పూర్తికాదు. ఆ ప్రశ్న ఎట్లుండవలెనో విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మా విడవలూరు వంటి తీరగ్రామములలో ఈ విచారణకు ప్రత్యేకమైన అవసరమున్నది. పాఠ్యపుస్తకములో కాకతీయులకు లభించు స్థలము స్వల్పము. ఆ స్వల్పమైన పాఠము పరీక్షతో మఱపునకు వచ్చును. విద్యార్థి మనస్సున జీవితాంతము నిలుచునది నవలలోని రాణి, తెరమీది రాణి. ఓరుగల్లు మనకు దూరమే గాని ఆ కథ మనకు దూరము కాదు. మన విక్రమసింహపురి నేలిన మనుమసిద్ధి రాజ్యము కోల్పోగా, తిక్కన సోమయాజి ఓరుగంటికేగి గణపతిదేవుని సాయము కోరెనని 'సిద్ధేశ్వరచరిత్ర' వంటి గ్రంథములు చెప్పుచున్నవి. రుద్రమదేవిపై తిరుగబడిన కాయస్థ అంబదేవుడు, నెల్లూరి సింహాసనమున మనుమగండగోపాలుని నిలిపితినని తన త్రిపురాంతక శాసనమున చెప్పుకొన్నాడు. గణపతిదేవుడు విదేశ వర్తకులకు అభయమిచ్చిన మోటుపల్లి రేవు మన సముద్రతీరముననే ఉత్తరముగా నున్నది. ఆ రాణి కథలో మన సీమకు గూడ భాగమున్నది. కాబట్టి ఆ కథను ఎట్లు చదువవలెనను విషయము మనకు పరాయిది కాదు.

నవల కథను క్లుప్తముగా జ్ఞాపకము చేసికొందము. గణపతిదేవ చక్రవర్తి కుమార్తె పురుషవేషమున రుద్రదేవుడను పేర పెరుగుచుండును. ఆమె సింహాసన మెక్కుట యిష్టము లేని సామంతులు తిరుగుబాటునకు సిద్ధపడుచుందురు. గోన వంశమునకు చెందిన గన్నారెడ్డి గజదొంగయని పేరు మోసి, దండు గూర్చుకొని సంచరించుచుండును. ఆదవోని ప్రభువు కుమార్తెయైన అన్నాంబికను, గన్నారెడ్డి పినతండ్రి కుమారుడైన వరదారెడ్డికిచ్చి వివాహము చేయుచుండగా, గన్నారెడ్డి పెండ్లికుమారుని ఎత్తుకొనిపోవును. దొంగ యనిపించుకొన్న ఈతడే చాటున రుద్రమదేవి పక్షమున పోరాడు స్వామిభక్తుడని కథ సాగినకొలది తేలును. ఒకవైపు గన్నారెడ్డి, అన్నాంబికల అనురాగము, ఒకవైపు రుద్రమదేవి, చాళుక్య వీరభద్రుల అనురాగము నడచును. రాజసభయు, రణరంగమును, అంతఃపురమును ఈ రెండు ప్రేమలచుట్టును తిరుగుచుండును.

ఇక పాఠకులలోని పక్షములను విచారింతము. మొదటిది చరిత్రోపాధ్యాయుల పక్షము. వీరి ఆక్షేపణ బలమైనది. రాయచూరు కోటలోని 1294వ సంవత్సరపు తెలుగు శాసనము గోన గన్నారెడ్డి పక్షమున విఠలుడు ఆదవోని, తుంబళము మొదలైన దుర్గములను సాధించి, రాయచూరున కోట కట్టించెనని తెలుపుచున్నది. అప్పటికి ఓరుగంటిలో రాజ్యము ప్రతాపరుద్రునిది. రుద్రమదేవి గతించి ఐదేండ్లయినది. శాసనమున మనకు దృఢముగా కనబడు గన్నారెడ్డి ఆమె మనుమని కాలపు సేనాధిపతి. నవలలోని గన్నారెడ్డియో, ఆమె పట్టాభిషేకమునకు ముందే యౌవనమున నున్న సాహసికుడు. శాసనమున ఆదవోని ఆతని పక్షమువారు జయించిన దుర్గము. నవలలో ఆదవోని ఆతని ప్రేయసి పుట్టినిల్లు. 'ముట్టడిని పెండ్లిగా మార్చిన ఈ పుస్తకమును చరిత్ర యని పిల్లల చేతికెట్లిత్తుము?' అని వీరు అడుగుచున్నారు.

ఈ ఆక్షేపణను తోసివేయరాదు. అయితే ఒక్క బాపిరాజుగారినే దోషిగా నిలబెట్టుటయు న్యాయము కాదు. ఆంగ్లమున చారిత్రక నవలకు ఒరవడి పెట్టిన సర్ వాల్టర్ స్కాటు 1821లో 'కెనిల్వర్తు' అను నవల వ్రాసినాడు. అది ఎలిజబెత్తు రాణి సభను గూర్చిన ప్రేమకథ. అందలి నాయిక ఏమీ రాబ్సార్టు నిజముగా మరణించినది 1560లో. కెనిల్వర్తు కోటలో రాణికి మహోత్సవములు జరిగినది 1575లో. చనిపోయి పదునైదేండ్లయిన స్త్రీని స్కాటు ఆ ఉత్సవముల నడుమకు తెచ్చి నిలిపినాడు. ఆంగ్ల చరిత్రకారులు ఆ తప్పును ఎత్తి చూపినారు. పాఠకులు పుస్తకమును విడిచిపెట్టలేదు. చరిత్ర తెలిసినవారు ఆ కాలవ్యత్యాసమును తెలిసియే దానిని చదువుచున్నారు. 'తెలిసియే' అను మాట ఇచ్చట ముఖ్యము. దానికి మరల వత్తము.

రెండవది తెలుగు పండితుల పక్షము. వీరు ఆనందవర్ధనుని సాక్షిగా పిలుతురు. ఇతివృత్తము రసమునకు ప్రతికూలముగ నున్నచో కవి దానిని విడిచి, రసానుగుణమైన కథను కల్పింపవచ్చునని 'ధ్వన్యాలోకము' అనుమతించుచున్నది. భారతమునందలి దుష్యంతుడు శకుంతలను తెలిసియుండియే ఎఱుగనన్నాడు. కాళిదాసు దుర్వాసశాపమును, ఉంగరమును తెచ్చి ఆ రాజును కళంకమునుండి తప్పించినాడు. అందులకు కాళిదాసును నిందించినవారు లేరు. అట్లే బాపిరాజుగారు గన్నారెడ్డిని ముప్పదియేండ్లు ముందునకు జరిపినచో దోషమేమి? కావ్యమునకు కావలసినది రసము గాని తిథివారనక్షత్రములు కావు. ఇది వీరి వాదము.

ఈ వాదములో సగము ఒప్పుకొనదగినది. తక్కిన సగము ఒప్పుకొనరానిది. శకుంతల పురాణస్త్రీ. ఆమె వేయించిన శాసనము లేదు, ఆమె త్రవ్వించిన చెరువు లేదు. ఆమె కథను మార్చినచో అన్యాయము పొందువారు లేరు. రుద్రమదేవి అట్టిది కాదు. సుమారు 1262 మొదలు 1289 వఱకు తెలుగు నేలను ఏలిన మనిషి. ఆమె చేసిన పనులను ఱాళ్లు చెప్పుచున్నవి. బ్రతికిన మనుష్యుల కథలో మార్పు చేయునప్పుడు కవికి రసమొక్కటే ప్రమాణము కాజాలదు. ఆ మనుష్యులకు మనము బాకీపడిన న్యాయముకూడ ప్రమాణమే.

మూడవ పక్షము స్త్రీ పాఠకులది, ముఖ్యముగా ఉన్నత పాఠశాలలలో చదువు బాలికలది. వీరిలో ఏకాభిప్రాయము లేదు. కొందఱికి అన్నాంబిక మీద మక్కువ. తనకిష్టము లేని వివాహము తప్పిపోగా, తన త్రోవ తాను వెదకికొని ఓరుగల్లు చేరి రాణికి తోడైన యువతి ఆమె. మఱికొందఱు సూటిగా ఒక ప్రశ్న వేయుదురు. సింహాసనమున కూర్చున్నది స్త్రీ. యుద్ధభారము మోసినది స్త్రీ. పుస్తకమునకు పేరు మాత్రము పురుషునిది. ఏల? ఈ ప్రశ్నను పండితులు తేలికగా నవ్వి త్రోసిపుచ్చుదురు. నాకు మాత్రము నాలుగు పక్షములలోను ఇదియే గట్టి ప్రశ్నగా తోచుచున్నది. చలనచిత్రము పేరును రాణికి మార్చినది గాని ఆకర్షణను మార్చలేదు. చిత్రశాలనుండి బయటికి వచ్చిన పిల్లలు ఎక్కువగా అనుకరించినది గన్నారెడ్డి సంభాషణలనే.

పురుషవేషమును గూర్చియు ఈ పక్షమునందు వివాదము కలదు. 'రాజ్యమేలుటకు ఆడుది మగవేషము వేయవలెనా? ఇది మమ్ము అవమానించు కల్పన' యని కొందఱందురు. ఇచ్చట నవలాకారుని పక్షమున చెప్పవలసిన మాట యున్నది. శాసనములు ఆమెను 'రుద్రదేవ మహారాజు' అని పుంలింగమున పేర్కొనుచున్నవి. గణపతిదేవుడు కుమార్తెకు పురుషుని పేరు పెట్టి పుత్రుని స్థానమున నిలిపెనని విద్యానాథుని 'ప్రతాపరుద్రీయము' వలన తెలియుచున్నది. శాసనమున నున్న ఆ పేరును ఆధారము చేసికొని బాపిరాజుగారు వేషమును, వేషమును ఆధారము చేసికొని కథను అల్లినారు. ఊరిజనులనెల్ల ఏండ్ల తరబడి మభ్యపెట్టిన వేషమునకు శాసనాధారము లేదు. పేరునకు మాత్రము ఆధారమున్నది. విత్తనము చరిత్రది, చెట్టు కవిది. పైగా ఆ వేషము పాఠకుని ఆలోచింపజేయును. ఒక స్త్రీ రాజ్యార్హత నొప్పుకొనుటకు ఆనాటి లోకము ఆమెను మగవాడని పిలువవలసి వచ్చినదను చేదునిజము శాసనపు మాటలో దాగియున్నది. నవల దానిని కన్నులకు గట్టినది. ఇట్టి కల్పనను నేను దోషమని అనను.

నాలుగవ పక్షము విద్యార్థులది. వీరి ఫిర్యాదు చరిత్రను గూర్చినది కాదు. కథ వేగముగా నడువదని వారి బాధ. నగలు, చీరలు, నాట్యములు, కోటగోడలు, తోరణములు, వీనిని వర్ణించుచు రచయిత ఆగిపోవునని వారందురు. వారు తెలిసికొనవలసిన సంగతి ఒకటి కలదు. బాపిరాజుగారు చిత్రకారులు. బందరున ప్రమోదకుమార చటోపాధ్యాయుని వద్ద చిత్రలేఖనము నేర్చినవారు. చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించినవారు. ఆయన కంటితో ఆలోచించు రచయిత. కాకతీయుల శిల్పమును చూచిన కన్ను ఆ పుటలలో పనిచేయుచున్నది. రామప్ప దేవాలయపు మదనికల చిత్రములను తరగతిలో చూపి, పిమ్మట ఆ వర్ణనలను చదివించినచో బాలురు విసుగుకొనరని నా విశ్వాసము. అయినను అన్ని వర్ణనలును అవసరమైనవని నేను వాదింపను. కొన్నిచోట్ల కథ నిలిచిపోవుట నిజమే.

నాలుగు పక్షములను వింటిమి. తీర్పు చెప్పుటకు ముందు ఒక సంగతి గమనింపవలెను. 'చరిత్ర ఒకటే, దానిని నవలాకారుడు చెడగొట్టినాడు' అనుకొనుట పొరపాటు. చరిత్రకు ఆధారమైన గ్రంథములే పరస్పరము పొసగవు. దేవగిరి యాదవ మహాదేవునితో రుద్రమదేవికి జరిగిన యుద్ధమునే తీసికొందము. తమ రాజు ఆంధ్రుల ఏనుగులను పట్టుకొని, స్త్రీయని రుద్రమను విడిచిపెట్టెనని యాదవుల మంత్రి హేమాద్రి వ్రాసినాడు. తరువాతి కాలపు తెలుగు గ్రంథమగు 'ప్రతాపరుద్రచరిత్ర' అందులకు విరుద్ధముగా, ఆమె మహాదేవుని ఓడించి దేవగిరి వఱకు తఱిమి ధనము గ్రహించెనని చెప్పుచున్నది. బీదరు కోటలో దొరికిన ఒక భగ్న శాసనమున ఆమె 'రాయగజకేసరి' బిరుదము కనబడుటచేత చరిత్రకారులు తెలుగు కథనమువైపు మొగ్గినారు. మోటుపల్లిని ప్రస్తావించిన మార్కోపోలో ఆమె న్యాయబుద్ధిని, శాంతిప్రియత్వమును కొనియాడినాడు. కాని ఆమెను చనిపోయిన రాజుయొక్క భార్య యనుకొన్నాడు. ఆమె ఆ రాజునకు కుమార్తె. ఆ కాలముననే మన దేశమునకు వచ్చిన యాత్రికుడే బంధుత్వమును పొరబడినప్పుడు, ఆరువందల యేండ్ల పిమ్మటి నవలాకారునిపై మాత్రమే కోపగించుట తగునా?

మన యింటి ఉదాహరణ చూతము. నెల్లూరు సీమలో ఖడ్గతిక్కన కథ ఎఱుగనివారు అరుదు. కాటమరాజు పశువులను మన బీళ్లలో మేపి పుల్లరి చెల్లింపననెను. మనుమసిద్ధి పక్షమున తిక్కన యుద్ధమునకేగి, సైన్యము నశింపగా మరలివచ్చెను. భార్య చానమ్మ స్నానమునకు పసుపు ఉంచినది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించినది. తిక్కన సిగ్గుపడి మరల రణమునకేగి వీరస్వర్గ మలంకరించెను. ఈ కథను చరిత్రోపాధ్యాయులును, తెలుగు పండితులును ఒకే ఉత్సాహముతో తరగతిలో చెప్పుచున్నారు. ఆ పసుపుముద్దకు శాసనమేది? ఆ విరిగిన పాలకు సాక్షి యెవరు? అదే యుద్ధమును గొల్ల కథకులు పాడునప్పుడు వీరుడు కాటమరాజు. తిక్కన ఎదిరిపక్షమువాడు. ఒకే రణము, ఇద్దఱు నాయకులు. మనకిష్టమైన కల్పనను చరిత్ర యని బోధించుచు, మనకు నచ్చని కల్పనను అబద్ధమని నిందించుట ధర్మము కాదు. కొలబద్ద ఒకటే యుండవలెను.

ఆ కొలబద్ద యేది? నా దృష్టిలో అది రెండు ప్రశ్నలతో గూడినది. మొదటి ప్రశ్న: రచయిత కల్పించిన చోట చరిత్ర మౌనముగా నున్నదా, లేక మాట్లాడుచున్నదా? రెండవ ప్రశ్న: ఆ కల్పన నిజముగా బ్రతికిన మనిషికి దక్కవలసినదానిని ఇంకొకరికి కట్టబెట్టినదా? మొదటి ప్రశ్నకు మౌనమని సమాధానము వచ్చినచో కవికి స్వేచ్ఛ యున్నది. రెండవ ప్రశ్నకు అవునని సమాధానము వచ్చినచో పాఠకునికి ఆక్షేపించు హక్కున్నది.

ఈ కొలబద్దతో కొలిచిచూడుడు. అన్నాంబిక ప్రేమ: చరిత్ర మౌనము, ఎవరికిని నష్టము లేదు. పురుషవేషము: చరిత్ర సగము పలికినది, తక్కిన సగమును కవి నింపినాడు, రాణి గౌరవమునకు లోటు రాలేదు. గన్నారెడ్డి కాలము: చరిత్ర పలికినది, కవి వినలేదు. ఇది తప్పే గాని స్కాటు తప్పువంటిది. తెలిసి చదివినచో అపకారము లేదు. కడపటిది రాజ్యరక్షణ. సామంతుల తిరుగుబాటులను అణచి కాకతీయ సింహాసనమును నిలుపుటలో నవల గన్నారెడ్డికి ఇచ్చిన పాలు మిక్కిలి పెద్దది. ఆయన ఛాయలో రాణి అనేక పర్యాయములు రక్షింపబడవలసిన స్త్రీగా కనబడును. నా ఆక్షేపణ ఇచ్చటనే.

ఎందులకనగా, ఆమె మరణమును గూర్చి చందుపట్ల శాసనము ఏమి చెప్పుచున్నదో చూడుడు. నల్లగొండ జిల్లాలోని ఆ శాసనము 1289 నవంబరు 27వ తేదీది. మల్లికార్జున నాయకుని సేవకుడైన పువ్వుల ముమ్మడి, శివలోకప్రాప్తి నొందిన రుద్రమదేవికిని, తన ప్రభువైన మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా సోమనాథదేవునికి భూదానము చేసినాడు. రాణియు సేనానాయకుడును కలసి గతించినట్లు ఒకే శాసనమున పేర్కొనబడుటచేత, అంబదేవునితోడి యుద్ధముననే ఇరువురును మరణించియుందురని చరిత్రకారులు ఊహించినారు. అంబదేవుని విజయగర్వమంతయు 1290నాటి త్రిపురాంతక శాసనమున కనబడుట ఈ ఊహకు బలము. ఇది నిజమైనచో, వార్ధక్యమున స్వయముగా దండు నడిపి రణమున నేలకొరిగిన రాణి ఆమె. చందుపట్ల శాసనము బాపిరాజుగారు గతించిన తరువాతనే విద్వాంసుల దృష్టికి వచ్చినది. దానిని ఎఱుగనందులకు ఆయనను నిందింపరాదు. కాని అది తెలిసియు, ఆమెను వేఱొకరు కాపాడిన స్త్రీగానే మన పిల్లలకు మిగిల్చినచో నింద మనది.

ఇంకొక లోపమును నాలుగు పక్షములలో ఎవరును ఎత్తిచూపలేదు. నవలయు, చిత్రమును రాణికి ఇచ్చినవి రెండే: ప్రేమ, యుద్ధము. శాసనము మూడవదానిని గూడ ఇచ్చుచున్నది. గుంటూరు సీమలోని మల్కాపురము శాసనము 1261నాటిది. తండ్రి వాగ్దానమును నెరవేర్చుచు రుద్రమదేవి విశ్వేశ్వర శంభువునకు కృష్ణాతీరమున మందడ గ్రామమును దానము చేసి, వెలగపూడిని గూడ ఇచ్చినది. ఆ ఆదాయముతో అచ్చట మఠము, విద్యాలయము, అన్నసత్రము, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడచినట్లు శాసనమున నున్నది. ఏడువందల అఱువది యేండ్లకు పైబడిన వెనుకటి మాట ఇది. ప్రసవించు స్త్రీలకు ప్రత్యేకముగా ఒక శాలను నెలకొల్పిన సంస్థ ఒక రాణి దానముతో వర్ధిల్లినది. ఇంతటి విషయమును ఏ ప్రేమకథయు తలపెట్టలేదు. తరగతిలో ఒక బాలిక లేచి, 'రుద్రమదేవి ఏమి చేసినది?' యని అడిగినప్పుడు కత్తి త్రిప్పినదని మాత్రమే సమాధానము చెప్పుట చాలునా?

ఇంతగా ఆక్షేపించితిని గనుక, పుస్తకమును గ్రంథాలయమునుండి తీసివేయుమని నా యభిప్రాయము కాబోలునని కొందఱు తలపవచ్చును. అట్టి పని ఎంత అనర్థమో మన విడవలూరు మండలమువారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. ఈ మండలములోని వావిళ్ల గ్రామము ఇంటిపేరుగా గల కుటుంబము చెన్నపట్టణమున నెలకొల్పిన ముద్రణాలయము తెలుగువారి ఇండ్లకు పురాణములను, కావ్యములను పంచిపెట్టినది. తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానమునకు చెందిన ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరింపగా 1910లో వావిళ్లవారు ముద్రించినారు. వీరేశలింగముగారి వంటి పెద్దలు ఆ కావ్యమును గర్హించినారు. నాగరత్నమ్మ సమర్థించినది. అంతవఱకు అది పాఠకుల అభిప్రాయభేదము మాత్రమే. 1911లో ప్రభుత్వము ప్రతులను స్వాధీనపఱచుకొని నిషేధించినప్పుడు ఆ భేదమునకు నోరు లేకపోయినది. ప్రకాశము పంతులుగారు మదరాసు ప్రధానిగా నున్నప్పుడు నిషేధము తొలగినది. 1952లో వావిళ్లవారు మరల ముద్రించినారు. నాలుగు దశాబ్దములు ఆ కావ్యము బాగున్నదని గాని బాగులేదని గాని చదివి చెప్పు అవకాశము తెలుగు పాఠకునికి లేకపోయినది. పుస్తకమును దాచుటచే అభిప్రాయము బాగుపడదు. చదువుటచేతను, వాదించుటచేతను బాగుపడును.

కావున ఉపాధ్యాయ సోదరులకు నా మనవి యిది. 'గోన గన్నారెడ్డి'ని పిల్లలచేత చదివింపుడు. నోరి నరసింహశాస్త్రిగారి 'రుద్రమదేవి'ని కూడ ప్రక్కన నుంచుడు. ఒకే రాణిని ఇద్దఱు రచయితలు ఎట్లు చూచిరో పోల్చుట చక్కని అభ్యాసము. పిమ్మట నల్లబల్లను మూడు భాగములు చేయుడు. మొదటి భాగమున శాసనము చెప్పినది, రెండవ భాగమున తరువాతి గ్రంథములు చెప్పినది, మూడవ భాగమున నవలాకారుడు కల్పించినది వ్రాయుడు. 'రుద్రదేవ మహారాజు' అను పేరు మొదటి భాగమునకు వచ్చును. హరిహర మురారిదేవుల తిరుగుబాటు 'ప్రతాపరుద్రచరిత్ర'లోనిది గనుక రెండవ భాగమునకు వచ్చును. వరదారెడ్డి అపహరణము మూడవ భాగమునకు వచ్చును. ఒక గంట కాలములో బాలురు తామే వాదమునకు దిగుదురు. ఏ సంగతి యే భాగమున వ్రాయవలెనో తేల్చుకొనుటయే చరిత్ర నేర్చుట. మూడవ భాగమున వ్రాసిన సంగతులు మనస్సు నేల కదలించినవో చెప్పుకొనుటయే సాహిత్యము నేర్చుట. ఒకే పాఠమున రెండు శాస్త్రములును సమకూరును.

ఈ పని నవలాకారుడు చేయవలసినది గాదా యని కొందఱు అడుగుదురు. పుస్తకము మొదట ఒక పీఠిక వ్రాసి, ఇది నిజము, ఇది కల్పన యని చెప్పినచో చాలునందురు. పీఠిక చదువు బాలు డెవడు? చదివినను జ్ఞాపకముంచుకొనువా డెవడు? కథ చెప్పువాడు కథను నమ్మించవలెను. అది ఆతని వృత్తిధర్మము. నమ్మిన పిల్లవానిని మెల్లగా మేలుకొలుపుట బోధకుని ధర్మము. ఇద్దఱును తమ తమ పనులను చక్కగా చేసినచో తగవునకు తావులేదు. ఒకడు తన పనిని మానివేసి రెండవవానిని నిందించుటవలననే ఇంత కలహము పుట్టినది.

విద్యార్థులకు ఒక్క మాట. మీ అభిప్రాయము మీ ఉపాధ్యాయుల అభిప్రాయముతో కలియనవసరము లేదు. గన్నారెడ్డి మీకు నచ్చినచో నచ్చినాడని చెప్పుడు. వర్ణనలు విసుగు కలిగించినచో ఏ పుటలో విసుగు కలిగినదో చూపుడు. రాణికి అన్యాయము జరిగినదని తోచినచో ఏ ఘట్టమున జరిగినదో వ్రాయుడు. 'బాగున్నది', 'బాగులేదు' అను రెండు మాటలతో ఏ పుస్తకమును కొలువకుడు. అభిప్రాయమునకు ఆధారము తోడైనప్పుడే అది విమర్శ యగును.

బాపిరాజుగారు తెలుగువారి మఱపునుండి ఒక రాణిని పైకి తీసి రంగులద్ది నిలిపినారు. ఆ నవల లేకున్నచో మనలో అనేకులకు ఆమె పేరైనను తెలిసియుండెడిది కాదు. అందులకు ఆయనకు మనము ఋణపడియున్నాము. ఆ రంగుల వెనుక ఱాతిమీద చెక్కబడిన స్త్రీ యొకతె యున్నది. గ్రామములు దానమిచ్చినది, ప్రసూతిశాల నడచుటకు ఆదాయము సమకూర్చినది, కడపట యుద్ధమున ఒరిగినదని పెద్దలు ఊహించునది ఆమెయే. నవల చదివి ముగించిన బాలిక ఆ శాసనము వద్దకు నడచునట్లు చేయుట మన చేతిలోని పని.